రింగు కరిగిందా, చూసుకో బావా

అమ్మవారి తీర్థం రోజు మధ్యాహ్నం, అనకాపల్లి పక్క ఓ ఊరి వీధి. రోడ్డుకి అడ్డంగా లేపిన లైటింగు ఆర్చి వెనక గోనెపట్టా పరుచుకుని కాసులమ్మ వైర్లు కలుపుతోంది. ఆర్చి సొంతదారు సన్యాసిరావు ఆమె నెత్తిమీదే నిలబడ్డాడు. అతను ఆమె మొగుడు నూకరాజుకి పెదనాన్న కొడుకు, ఆమెకి వరసకి బావ. ఏడాదిగా ఆ రెండిళ్ళకీ మాటల్లేవు. ఈ పని వల్ల మాట్లాడుకోక తప్పలేదు గానీ, కాసులమ్మ కడుపులో మంట మాత్రం కాస్త కూడా చల్లారలేదు.

“అంటే, టేపు అసలక్కర్నేదంటావు.”

“టేపు మాటెత్తకు బావా. టేపు మాటెత్తితే నాకు పోయినేడు గుర్తొత్తాది.”

“అబ్బా, ఊరికే అడిగేను. ఇదేటి, గాజు గొట్టంలాగుంది?”

“గాజు కాదు, ప్లాస్టికే. మజ్జిలో తెల్లగా ఎండి రింగులాగ కనబడతంది సూడు, అది సోల్డరు. రెండు చివర్లా రంగు గీతలున్నాయి కదా, అది జిగురు. వైరు తొక్క ఒలిచి, ఈ పక్క రాగి పోగులూ ఆ పక్క రాగి పోగులూ ఒకదాన్లో ఒకటి దూర్చి, రింగుని సరిగ్గా రాగి మీదకి జరపాలి. అప్పుడు ఈ గన్నుతో వేడిగాలి కొట్టాలి. రింగు కరిగి రాగిలోకి దిగుతాది, గొట్టం బిగుసుకుంటాది, జిగురు రెండు పక్కలా మూసేత్తాది. ఇంక నీళ్ళల్లో ముంచినా ఏటీ అవదు.”

“ఎవలు నేర్పేరు నీకిది?”

“అచ్యుతాపురం కంపెనీలో. మా లైటింగు సెట్టు నువ్వు పట్టుకుపోయేక ఇంకేటి సెయ్యమంటావు? పొద్దున్నే బస్సెక్కడం, దినమంతా ఇయ్యే గొట్టాలు.”

“పట్టుకుపోవడమేటి? అమ్మేరు కాబట్టి కొన్నాను. నూకరాజే వచ్చి, ఎత్తుకుపో అన్నయ్యా, నా కళ్ళ ముందు ఉంచకు అన్నాడు.”

“అన్నాడు. ఎందుకన్నాడో?”

“ఎండ మండిపోతంది కదా. టీ సెప్పమంటావా?”

“ఒద్దు.”

“పోనీ సోడా?”

“ఒద్దన్నాను కదా. ఆ లైటరు ఎందుకు తీసేవు?”

“నేనూ ఓ నాలుగు కాలిత్తే తొందరగా అవుతాదని. ఇలాగివ్వు ఆ గొట్టాలు.”

“లైటరు జేబులో ఎట్టుకో. లైటరుతో కాలిత్తే మసి పట్టేత్తాది. మసి పడితే లోపల రింగు కరిగిందో లేదో కనబడదు. కనబడాలి కదా బావా. రేపేదైనా అయితే మళ్ళీ ‘ఆడదాని సేతి జాయింటు’ అంటావు.”

“ఇంకా అది మనసులో ఎట్టుకున్నావా?”

“ఎట్టుకోక? పోయినేడు ఇదే రోడ్డు, ఇదే తీర్తం. మా ఆయన ఆర్చి. అమ్మోరి ఘటం సరిగ్గా ఆర్చి కిందకొచ్చింది, పైన అమ్మోరి బొమ్మ టక్కుమని ఆరిపోయింది. జనం ఓలమ్మో అన్నారు. నువ్వు మైకోడు దేముడి సేతిలో మైకు లాక్కుని ఏటన్నావు?”

“గుర్తునేదు.”

“నాకుంది. ‘ఆడదాని సేత జాయింట్లు ఏయిత్తే అమ్మోరికే సీకటి పట్టింది’ అన్నావు. అందరూ నవ్వేరు. ముసిలోళ్ళు నవ్వేరు, పిల్ల గుంటలు నవ్వేరు. ఆ రోజు నుంచి మా ఆయన్ని సీకటి నూకరాజు అంటన్నారు. కంపెనీ బస్సులో ఆడోళ్ళు కూడా నాకు సీకటమ్మని పేరెట్టేరు. ఈ సుట్టుపక్కల ఏ తీర్తం జరిగినా ఆయన ఆర్చే ఉండేది. ఇప్పుడు నిచ్చెన సూత్తే పక్క సందులోంచి ఎల్లిపోతన్నాడు. మాకవరపాలెంలో గొడౌను కాపలా కాత్తన్నాడు.”

“తమాసాకన్నానమ్మా.”

“మీకు తమాసా. మాకు కూడెగిరిపోయింది.”

“సర్లే, అయిందేదో అయింది. వాన పడింది, టేపులోకి నీళ్ళు దిగేయి, ఆరిపోయింది. నీ తప్పూ కాదు, నా తప్పూ కాదు.”

“వాన ఎప్పుడు పడింది?”

“అదే, ఘటం వచ్చినప్పుడు.”

“కాదు. ఘటం ఆర్చి దాటి ఎల్లిపోయేక పడింది. ముందు లైటు ఆరింది, తరవాత వాన వచ్చింది. వాన గట్టిగా కొట్టింది కాబట్టి అందరికీ వానే గుర్తుండిపోయింది.”

“ఏమో. నాకేటి తెలుసు?”

“పోనీలే. ఆ పసుపు వైర్ల జత అందుకో. చివర్లు నల్లబడిపోయేయి, కొంచెం కోసియ్యి. నీ జేబులో కటింగు ప్లేరుంది కదా.”

“నీ దగ్గర నేదా?”

“నా సెయ్యి కాళీ నేదు. కొయ్యి.”

“ఇదిగో.”

“రెండోది కూడా.”

“ఇదిగో. సాలా?”

“కొంచెం కొయ్యమంటే మూరెడు కోసేవేటి? సర్లే. ఆ ముక్కలు ఇలాగివ్వు. నీ ప్లేరుకి ఓ పక్క పన్ను ఇరిగింది కదా బావా?”

“ఎప్పుడో ఇరిగింది, మేకు కొయ్యబోతే. ఏం?”

“అందుకే సాఫీగా తెగట్నేదు. ఇదిగో, చివర ఓ పక్క తొక్క పీకినట్టు తోకలాగ మిగిలింది. రెండిట్లోనూ అలాగే మిగిలింది.”

“మిగిల్తే?”

“నా కొంగుముడిలో ఒకటుంది, ఇప్పి సూపిత్తాను ఉండు. ఇదిగో. దీనికీ తోకుంది.”

“ఏటిది?”

“పోయినేడు ఆర్చి ఇప్పినప్పుడు అమ్మోరి బొమ్మ దగ్గర దొరికిన వైరు. నా టేపు జాయింటు ఊడనేదు బావా. నేనెలా ఏసేనో అలాగే ఉంది. దానికి జానెడు అవతల, ఏ జాయింటూ నేని చోట, ఎవడో కోసేడు. ఏడాది పట్టి ఈ ముక్క కొంగులో కట్టుకుని తిరగతన్నాను. ముందునుంచీ నీ మీదే అనుమానం. ఇయ్యాల నీ ప్లేరు కోత సూసేను.”

“ఊళ్ళో పళ్ళూడిన ప్లేర్లు లక్షున్నాయి.”

“ఉంటాయి.”

“ఎలక కొట్టుంటాది.”

“ఎలక కొరుకుతాది. కొయ్యదు.”

“ఏటే, పిలిచి పనిత్తే నన్నే అనుమానిత్తన్నావా?”

“నువ్వు పిలవనేదు. గుడి కమిటీ ఓళ్ళు పిలవమన్నారు. ఈసారి టేపు జాయింటు ఒక్కటి కనబడినా ఆర్చి ఎయ్యనియ్యం అన్నారట. నీ దగ్గర జాయింట్లేసే ఈశ్వరరావుకి పచ్చకామెర్లు. ఈ గొట్టాల పని తెలిసినోళ్ళు ఊళ్ళో ఇంకెవలూ దొరకనేదు నీకు. దొరికుంటే మా గుమ్మం తొక్కుదువా?”

“ఇప్పుడేటంటావు?”

“ఒక్క మాటడుగుతాను. సాయంత్రం లైట్లెయ్యగానే మైకు తీసుకో. పోయినేడు ఏ నోటితో అన్నావో ఆ నోటితోనే సెప్పు. వైరు కోసింది నేనే, కాసులమ్మ జాయింటులో తప్పు నేదు అని. అంతే. ఇంక నీ దారి నీది, మా దారి మాది.”

“పిచ్చెక్కిందా నీకు?”

“పిచ్చే అనుకో. సెప్తావా?”

“సూద్దాంలే. ముందు పని కానియ్యి.”

“సెప్తావా, సెప్పవా?”

“సూద్దామన్నాను కదా! ఆగాగు. ఆ గొట్టం ఇటివ్వు.”

“వేడిగా ఉంది.”

“ఉండనీ. నువ్వింత పగ కడుపులో ఎట్టుకుని కూకున్నావు. ఇందాకట్నుంచి ఎలా కలుపుతన్నావో నేనేటి సూసేను? గొట్టం బిగిసేదాకా వేడి కొట్టి, లోపల రింగు కరక్కుండా వదిలేత్తే? పైకి బాగానే ఉంటాది. సాయంత్రం గాలికి ఆర్చి ఊగితే ఒకటొకటే ఊడతాది. అందరిలో నా పరువు పోతాది. అదే కదా నీ ఎత్తు?”

“అబ్బో. ఈ పని నీకప్పుడే వచ్చేసిందే.”

“నన్ను గొర్రెననుకోకు. ప్రతీ జాయింటూ సూత్తాను. అన్నీ సూత్తాను.”

“సూడు. సూడమనే కదా మసి వద్దన్నాను. ఎండకి ఎదురుగా పట్టుకో. రింగు కనబడతందా?”

“నేదు. రాగంతా తెల్లగా పూత పూసినట్టుంది.”

“అదే కరగడమంటే. రింగు రింగులాగే ఉంటే కరగనట్టు. లాగి సూడు.”

“రావట్నేదు.”

“ఓ పక్క కాలితో తొక్కిపెట్టి లాగు.”

“అబ్బ! రావట్నేదు.”

“రాదు. వైరు తెగుతాది గానీ జాయింటు ఊడదు. ఇంక దాన్ని ఎవలూ ఇప్పలేరు. టేపులాగ ఇప్పి, మార్చి, మళ్ళీ సుట్టుకుందామంటే కుదరదు. కొయ్యడం ఒక్కటే దారి. అది గుర్తెట్టుకో.”

“నాకిప్పక్కర్నేదు. ఊడకపోతే సాలు.”

“ఊడకపోతే సాలా?”

“సాలు.”

“బావా, ఒకటి సెప్తాను విను. సెడ్డ జాయింటెయ్యాలని నాకు తోచనేదనుకోకు. నువ్వు మా గుమ్మంలోకి వచ్చినప్పుడే తోచింది. కానీ నా సేత్తో నేను సెడ్డ జాయింటేత్తే, నువ్వు మైకులో అన్న మాట నిజమైపోతాది. నేను సచ్చినా సెడ్డ జాయింటెయ్యను. ఇంద, ఇదీ సూడు. ఇదీ సూడు.”

“సూత్తన్నాను. ఆఁ. ఇదీ కరిగింది. సరే, ముందుకెల్లు. అన్నట్టు, కరెంటు ముందెక్కడికెల్తాది?”

“ఎప్పుడూ ఏసినట్టే. జనరేటరు నుంచి ముందు అమ్మోరి బొమ్మకి. ఆకర్న నీ పేరు బోర్డుకి.”

“అలా వద్దు. ఆకర్న ఎడితే ఈ పొడుగు వైరుకి నా పేరు మసకేసేత్తాది. పోయినేడు మీ ఆయన పేరు మినుకు మినుకుమంటే నేనే నవ్వుకున్నాను. ముందు నా బోర్డు. తరవాతే అమ్మోరు.”

“అమ్మోరి కన్నా ముందు నీ పేరా?”

“అమ్మోరేటీ అనుకోదులే. జనం తలెత్తగానే లైటింగు ఎవడిదో తెలవాలి కదా.”

“అలాగైతే బోర్డులోంచి బయటకొచ్చిన కరెంటే అమ్మోరికి ఎల్తాది. బోర్డు ఆగితే అమ్మోరూ ఆగిపోతాది.”

“బోర్డెందుకాగుతాది? నీ జాయింట్లు గట్టియే కదా?”

“గట్టియే. నువ్వెలా సెప్తే అలాగే సేత్తాను. నా సొంత తెలివి ఏటీ కలపను.”

“ఆఁ, అలాగుండు. ఏటి, బోర్డు పై వరసలో బల్బులు ఇంత కిక్కిరిసిపోయేయి? ఈ ఎర్ర జత ఏటి, పసుపు జత ఏటి?”

“నేను కట్టిన బోర్డే కదా, నిన్న మా ఇంటికాడ ఏసి సూపించేను.”

“పసుపు తగిలించి సూపించేవు. పైన ‘అమ్మవారి సేవలో’ అని, కింద నా పేరు. బాగుందిలే, పేరు పెద్దగా వచ్చింది.”

“ఎర్రది ఆ పై వరసకే రెండో జత. పసుపు పోతే ఎర్రది, స్పేరు. కింద నీ పేరు మాత్రం దేనికి తగిలించినా ఎలుగుతాది.”

“నా పేరు రెండిటికీనా?”

“రెండిటికీ.”

“ఓసి నీ తెలివి! నూకరాజుకి నీ తెలివిలో సగమున్నా బాగుపడేవోడు. ఉండు, మైకోడికి ఫోను సెయ్యాలి. ఒరే దేముడూ, నేను, సన్యాసిరావుని. సెట్టు వచ్చేసిందా? సరే విను. లైట్లెయ్యగానే బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు గట్టిగా సదువు. ఒక్కసారి కాదురా, ఘటం ఆర్చి దాటేదాకా సదువుతానే ఉండు. ఆఁ, ఏటుంటే అదే. నీ కవిత్వం కలపకు.”

“దేముడికి అంత సెప్పక్కర్నేదు బావా. ఆడేటి సదువుతన్నాడో ఆడికే తెలీదు.”

“అందుకే ఆణ్ణి ఎట్టుకున్నాను.”

పొద్దు వాలింది. జనరేటరు వచ్చింది. గుడి దగ్గర డప్పులు మొదలయ్యాయి. ఆర్చి నిండా జాయింట్లన్నీ అయిపోయి, జనరేటరు తీగకీ బోర్డుకీ మధ్య ఉన్న ఆఖరి జాయింటు మిగిలింది. కాసులమ్మ గన్ను కింద పెట్టి, కావాలనే ఆగింది. ఎంత మంట ఉన్నా, మనిషికి ఇంకో అవకాశం ఇవ్వకుండా పని ముగించడం ఆమెకి ఇష్టం లేదు.

“ఏటి ఆగిపోయేవు? ఘటం లేపేత్తారు!”

“మా ఆయన వత్తన్నాడు.”

“ఎవరు, నూకరాజా? తీర్తానికా?”

“నేనే రమ్మన్నాను. రానన్నాడు. సీకట్లో నిలబడి సూసి ఎల్లిపోదువు గానీ రా అన్నాను. ఆయన సెవిన పడేలాగ ఆ ఒక్క మాట మైకులో సెప్పు బావా. నీ కాళ్ళట్టుకోమన్నా పట్టుకుంటాను.”

“ఇదిగో, ఇలాగ కాదు గానీ, నేనో పని సేత్తాను. నూకరాజుని నాతో రమ్మను. మళ్ళీ లైటింగులోకి తీసుకుంటాను. నిచ్చెన పట్టుకోడానికి నాకూ మనిషి కావాలి.”

“ఆయన నీకు నిచ్చెన పట్టుకోవాలా?”

“ఏం? పట్టుకోకూడదా? నేను పట్టుకోనేదా? అన్నని నేను. వాడికి పాంటు తొడుక్కోవడం నేను నేర్పేను. అలాంటి వాడు ఆర్చి ఎక్కి కూకుంటే, కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవాణ్ణి నేను. ఏ ఊరెల్లినా నూకరాజు లైటింగు, నూకరాజు లైటింగు! ‘ఆ కింద పట్టుకున్నాయన ఎవరండీ’ అంటే ‘ఆయన మా అన్నండీ’ అని నవ్వేవోడు.”

“అందుకు కోసేవా?”

“ముందు ఆ జాయింటు కానియ్యి.”

“ఇక్కడ మనిద్దరమే ఉన్నాం బావా. అందుకే కోసేవా?”

“అవును, కోసేను! ఏటి ఇప్పుడు? ఒక్క పూట ఆరిపోతే వాడి పొగరు దిగుతాదనుకున్నాను. వాడు సెట్టంతా అమ్మేసి కూకుంటాడని నాకు తెలుసా?”

“మరి నా సెయ్యేటి సేసింది? నా సేతినెందుకన్నావు?”

“ఎవరో ఒకర్ని అనాలి కదా! అందరూ నా మొహం కేసి సూత్తన్నారు. నోటికొచ్చింది అన్నాను.”

“నాతో అన్నావు కదా, ఇదే మాట అక్కడ సెప్పు.”

“సెప్పను.”

“ఇంత సేపూ సూద్దామన్నావు.”

“పని అవ్వాలని అన్నాను. ఇప్పుడు ఒక్క జాయింటే కదా మిగిలింది. నువ్వెయ్యకపోతే నేనే టేపు సుట్టి, ఎవలికీ కనబడకుండా దాని మీద గుడ్డ కప్పేత్తాను. మైకులో మాత్రం సెప్పను. నువ్వెల్లి సెప్పుకో, నిన్నెవడు నమ్ముతాడో సూద్దాం. సీకటమ్మ అంటారు, అంతే.”

“ఆకరిసారి అడుగుతన్నాను.”

“ఎన్నిసార్లడిగినా అదే. సెప్పను పో!”

“సరే. నీ ఇష్టం.”

“ఆఁ, కలుపు. కలిపి నీ కూలి తీసుకుని ఎల్లు. అదేటి, ఎర్ర జత తీసేవు? పసుపు కదా?”

“పసుపు ఇందాక నువ్వే కోసేవు, మూరెడు. ఇప్పుడు అందట్నేదు. ముక్కేసి అతకమంటావా? ఇంకాసేపు పడతాది. డప్పులు ఇనబడతన్నాయి మరి.”

“వద్దొద్దు, ఘటం మలుపు తిరిగిపోయింది. ఎర్రదే కలిపెయ్. స్పేరే కదా?”

“స్పేరే.”

“నా పేరు ఎలుగుతాది కదా?”

“అమ్మోరి మీద ఒట్టు. నీ పేరు ఎలుగుతాది.”

“మసకెయ్యదు కదా?”

“గుడి మెట్ల మీంచి కూడా కనబడతాది.”

“అయితే కలుపు, కలుపు తొందరగా.”

“కలిపేను. రింగు కరిగిందా, సూసుకో బావా.”

“కరిగింది.”

“లాగి సూసుకో.”

“అక్కర్నేదులే, అన్నీ సూసేను.”

“కాదు, లాగి సూడు. రేపు నా మీద పడతావు.”

“ఇదిగో లాగేను. ఇనప కడ్డీలాగుంది. సాలా? అన్ని జాయింట్లూ బాగున్నాయి. సాలా నీకు?”

“సాలు. రేపు కూడా అదే మాట మీద ఉండు.”

చీకటి పడింది. డప్పులు ఆర్చి దగ్గరకి వచ్చేశాయి. సన్యాసిరావు ఆర్చి వెనక స్విచ్చు దగ్గర, కొత్త కండువా వేసుకుని నిలబడ్డాడు. కాసులమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. ఏడాదిగా ఎదురుచూసిన మనిషి ఆ క్షణంలో ఎక్కడికి వెళ్తుంది?

“నువ్వింకా ఎల్లనేదా?”

“నా జాయింట్లు ఎలగడం సూసి ఎల్తాను.”

“సూసుకో. ఘటం వచ్చేసింది... ఏసేను! ఎలిగిందా? ఎనక నుంచి నాకు ఎలుగే తప్ప అచ్చరాలు కనబడవు.”

“బ్రహ్మాండంగా ఎలిగింది. అమ్మోరి బొమ్మ సూడు, ముక్కుపుడకతో సహా ఎలుగుతంది.”

“అదీ! జనం సూడు, ఎలా నిలబడిపోయేరో. అందరూ బోర్డే సూత్తన్నారు. దేముడు సదవడేటి ఇంకా?”

“సదువుతాడు. గొంతు సవరించుకుంటన్నాడు.”

మైకులో దేముడు: “భక్తమహాశయులకు మనవి! అమ్మవారి ఘటం మన ఆర్చి కిందకి విచ్చేసిన ఈ శుభసమయంలో, కళ్ళు మిరుమిట్లు గొలిపే ఈ లైటింగు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు సదువుతన్నాను! పోయినేడు అమ్మవారి వైరు కోసింది... సన్యాసిరావు! మరొక్కసారి! పోయినేడు అమ్మవారి వైరు కోసింది, సన్యాసిరావు!”

“ఏటంటన్నాడు ఆడు?”

“బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు. కవిత్వం కలపనేదు, పాపం.”

“బోర్డు మీద... కాసులమ్మా! ఎర్ర జత! ఎర్ర జతకి ఏం రాసేవే?”

“ఇన్నావు కదా. ఎలగనంత సేపూ బల్బులన్నీ ఒకలాగే ఉంటాయి బావా. నువ్వు మైకులో సెప్పుంటే, ఆ పసుపు జతకి ముక్కేసి అతుకుదును. గన్ను కింద ఎట్టి కూకున్నది అందుకే.”

“ఇప్పెయ్! ఆ జాయింటు ఇప్పెయ్!”

“ఇప్పడానికి రాదు. లాగి సూసేవు కదా.”

“జనరేటరు ఆపేత్తాను!”

“ఆపు. అమ్మోరి బొమ్మ ఆరుతాది. ఘటం సరిగ్గా కిందే ఉంది, పోయినేడులాగే. ఈసారి వాన కూడా నేదు.”

“ఒరే దేముడూ! ఆపరా! సదవకు! ఒరేయ్, ఇటు సూడరా, ఆపు!”

మైకులో దేముడు: “సన్యాసిరావు గారు అక్కడ సెయ్యూపుతన్నారు! ఇంకా గట్టిగా సదవమంటన్నారు! పోయినేడు అమ్మవారి వైరు కోసింది, సన్యాసిరావు!”

“అయ్యో! అయ్యయ్యో! నా పరువు తీసేసేవు కదే! అందరూ ఇటే వత్తన్నారు. నా ప్లేరేదీ? ఎక్కడెట్టేను, నా ప్లేరేదీ?”

“నీ జేబులోనే ఉంది బావా, ఆ పన్ను ఇరిగినదే. అదిగో, ముందు వరసలో మా ఆయన నిలబడ్డాడు, తల ఎత్తుకుని. ఊరంతా ఆయన పక్కన నిలబడి నీ సేతికేసే సూత్తంది. తియ్యి. పోయినేడు ఎలా కోసేవో, అలాగే కొయ్యి.”